ఐదు తంత్రుల బేసు గిటారు



ఈ కాలమున పల్లెటూళ్ళయందు సైతము శ్రీరామనవమి పందిళ్ళలోను, పెండ్లి వేడుకలలోను, చర్చి ఉత్సవములలోను విద్యుత్తుతో పలుకు వాద్యములు విరివిగా వినబడుచున్నవి. వానిలో ఒకటి చూచుటకు గిటారువలెనే యుండును గాని, దాని దండి మఱింత పొడవు, తంత్రులు మఱింత లావు. దానిని వాయించువాడు తఱచుగా వెనుక వరుసలో, డ్రమ్ముల ప్రక్కన నిలుచును. పాట ముగిసిన పిమ్మట సభవారు గాయకుని మెచ్చుకొందురు, కీబోర్డు వాయించినవానిని మెచ్చుకొందురు; ఇతనిని గుఱించి అడుగువారు అరుదు. ఆ వాద్యము పేరు బేసు గిటారు. సామాన్యముగా దానికి నాలుగు తంత్రులుండును. ఐదు తంత్రులు గల రకము నొకదానిని నేను 2019వ సంవత్సరమున కొని నాటినుండి వాయించుచున్నాను. అది చౌకబారుదియు కాదు, ధనవంతులు మాత్రమే కొనదగినదియు కాదు. నడిమి తరగతి వెలది.

మీలో కొందఱి యిండ్లలో మనుమలు ఇట్టి వాద్యము కావలెనని అడుగుచుండవచ్చును. వెల వినగానే పెద్దలు, ‘నాలుగు తంత్రులది చాలదా? ఐదవది యెందులకు?’ అని ప్రశ్నింతురు. అది న్యాయమైన ప్రశ్న. ఆ ఐదవ తంత్రి నిజముగా ఉపయోగపడునా, అలంకారమాత్రమా యను విషయమును నా యనుభవమునుండి చెప్పుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

ముందుగా ఈ వాద్యముయొక్క పుట్టుక తెలిసికొనవలయును. పాశ్చాత్యుల వాద్యబృందములలో మంద్రస్వరములు పలుకుటకు డబుల్ బేసు అను పెద్ద వాద్యము కలదు. అది మనిషంత ఎత్తుండును. దానిని బండిలో నెక్కించుట కష్టము. డ్రమ్ముల హోరులో దాని ధ్వని సరిగా వినబడదు. మెట్లు లేకపోవుటచే స్వరస్థానమును చెవితోనే వెదకికొనవలయును. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఫుల్లర్టన్ అను పట్టణము కలదు. అచ్చట లియో ఫెండర్ అను నతడు 1938లో రేడియో మరమ్మతు దుకాణము పెట్టెను. ఆయనకు గిటారు వాయించుట రాదు. కాని యంత్రముల మర్మ మెఱిగినవాడు. వాద్యకారుల మొఱ లాలించినవాడు. డబుల్ బేసుయొక్క మంద్రస్వరములను గిటారు ఆకారములో నిమిడ్చి, మెట్లు బిగించి, 1951లో ఆయన విద్యుత్ బేసు గిటారును విక్రయమునకు తెచ్చెను. అందు తంత్రుల పలుకు పొడవు 34 అంగుళములు. నేటికిని అధికభాగము బేసు గిటార్లకు అదియే కొలత. రేడియో వినువారమైన మనము ఆ రేడియో మరమ్మతుదారుని కొంత మనవాడనియే చెప్పుకొనవచ్చును.

ఈ వాద్యమునకు వీణకువలె కుండ లేదు, తంబురకువలె బుఱ్ఱ లేదు. దేహము గట్టి చెక్క. తంత్రుల క్రింద అయస్కాంతములును, వానిని చుట్టి వెండ్రుకవంటి సన్నని రాగితీగ వేలకొలది చుట్లును ఉండును. ఉక్కు తంత్రి కదలినప్పుడెల్ల ఆ రాగితీగలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న సూత్ర మిదియే. ఆ స్వల్ప విద్యుత్తును ఆంప్లిఫయరు పెంచి లౌడు స్పీకరునకు పంపును. అందుచేత ఈ వాద్యమునకు ఉక్కు తంత్రులే కావలయును. నైలాను తంత్రి వేసినచో ఆ అయస్కాంతములకు దాని యునికియే తెలియదు.

ఇక నాలుగు తంత్రుల సంగతి. వానిలో అన్నిటికంటె మంద్రమైనది సెకనుకు సుమారు 41 మార్లు కంపించును. అన్నిటికంటె సన్ననిది 98 మార్లు. మీ ఊరి విద్యుత్ ట్రాన్సుఫార్మరు దగ్గఱ నిలిచినచో వినబడు ‘హుం’ అను మ్రోత సెకనుకు 100 కంపనములు గలది. అనగా ఈ వాద్యముయొక్క సన్నని తంత్రియే ఇంచుమించు ట్రాన్సుఫార్మరు శ్రుతిలో నుండును. తక్కినవన్నియు దానికి క్రిందివే. ఐదవ తంత్రి సెకనుకు సుమారు 31 కంపనములకు దిగును. మానవుని చెవికి వినబడు ధ్వని సుమారు 20 కంపనములతో మొదలగునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. కావున ఈ తంత్రి వినికిడికి సరిహద్దు పొలమువంటిది.

ఈ ఐదవ తంత్రిని చేర్చు ప్రయత్నము ఒక్కమాఱుగా ఫలింపలేదు. 1965లో ఫెండర్ సంస్థ ఐదు తంత్రుల బేసు నొకదానిని తెచ్చెను గాని, అందు అదనపు తంత్రి పైవైపున చేర్చిన సన్నని తంత్రి. వాద్యకారులు దానిని అంతగా ఆదరింపలేదు. వారికి కావలసినది పైన కాదు, క్రింద. 1970 దశకమున కొందఱు వాద్యకారులు పనివారిచేత ప్రత్యేకముగా మంద్రతంత్రిని చేర్పించుకొనిరి. 1980 దశకమున సింథసైజరు అను విద్యుత్ కీబోర్డులు నాలుగు తంత్రులకు అందని క్రింది స్వరములను పలుకజొచ్చెను. వానితో సమానముగా నిలుచుటకు బేసు వాయించువారికి ఐదవ తంత్రి అవసరమయ్యెను. 1987లో మ్యూజిక్ మాన్ అను సంస్థ స్టింగ్ రే ఫైవ్ అను రకమును విడుదల చేసినప్పటినుండి ఇది సామాన్యులకును అందు వస్తువయ్యెను. నేడు జపాను సంస్థలును, ఇతరులును, ఇండోనేషియా, చైనా దేశములలోని కర్మాగారములలో నడిమి వెలకు ఇట్టి వాద్యములను చేయించి అమ్ముచున్నారు.

తంత్రిని చేర్చుకొనుట పరదేశీయుల చాపల్యమని కొట్టివేయనవసరము లేదు. మా పశ్చిమ గోదావరి ప్రాంతమునందలి పాలకొల్లులో 1969లో జన్మించిన మాండొలిన్ శ్రీనివాస్ గారిని మీరెఱుగుదురు. మాండొలినుకు సామాన్యముగా నాలుగు జతల తంత్రులు. ఆయన విద్యుత్ మాండొలినును గైకొని, జతలను విడిచి, ఐదు ఒంటి తంత్రులతో కర్ణాటక సంగీతమును వాయించిరి. 2014లో వారు గతించిరి గాని, వారి వాద్యము మనకొక పాఠము చెప్పుచున్నది: తంత్రుల సంఖ్య శాస్త్రవిధి కాదు, పాడదలచిన సంగీతమునకు కావలసిన స్థాయి చేతికి అందుచున్నదా లేదా యనునదే ప్రమాణము.

ఈ ప్రమాణముతోనే ఐదవ తంత్రిని పరీక్షింతము. మన హార్మోనియము వాయించువారు శ్రుతిని ఒకటి, ఒకటిన్నర, రెండు అని లెక్కింతురు గదా. ఆ లెక్క ప్రకారము నాలుగు తంత్రుల బేసులో అన్నిటికంటె మంద్రమైన స్వరము మూడు శ్రుతి. మన పురుష గాయకులు పెక్కుమంది ఒకటి మొదలు రెండు వఱకు గల శ్రుతులలో పాడుదురు. అట్టివారికి ఆధార షడ్జమమును బేసు వాయించువాడు అట్టడుగున పలుకబోయినచో తంత్రి చాలదు, మెట్లు అయిపోవును. అతడు షడ్జమమును ఒక స్థాయి పైన పలుకవలసి వచ్చును. ఐదవ తంత్రి విడిగా మీటినప్పుడు, ఆ మూడు శ్రుతికి దిగువనున్న ఏడు శ్రుతి పలుకును. దాని మొదటి మెట్టు ఒకటి శ్రుతి, రెండవ మెట్టు ఒకటిన్నర, మూడవ మెట్టు రెండు, నాలుగవ మెట్టు రెండున్నర. లోటుపడిన షడ్జమములన్నియు ఆ నాలుగు మెట్లలో వరుసగా కూర్చుండియున్నవి. పాశ్చాత్యులు పాట మధ్యలో ఆధారస్వరమును మార్చుచుందురు. మనవారు పాట ముగియువఱకు షడ్జమమును వీడరు. కావున ఈ లాభము వారికంటె మనకే ఎక్కువ.

మా బృందమున పెద్ద వయస్సు గల గాయకు డొకరు ఒకటిన్నర శ్రుతిలో పాడుదురు. నేను ఎరవు తెచ్చుకొన్న నాలుగు తంత్రుల వాద్యముతో ఆయనకు ప్రక్కవాద్యము వాయించు రోజులలో, ‘అంతయు బాగున్నది గాని, నాయనా, ఇంటికి గోడలున్నవి, పునాది కనబడదు’ అనెడివారు. ఐదు తంత్రులది వచ్చిన తరువాత ఒక సాయంకాలము పల్లవి ఎత్తుగడలో అట్టడుగు షడ్జమమును మీటి నిలిపితిని. ఆయన వెనుదిరిగి చూడలేదు, మాట యనలేదు. చరణము పాడుట కొంత నెమ్మదించినది, గొంతు తడబాటు లేక నిలిచినది. నాకు కలిగిన మెప్పు అదియే, అది చాలును.

ఇంతమాత్రము చెప్పి ఊరకున్నచో వ్యాపారి ప్రకటన చదివినట్లగును. దోషములను కూడ చెప్పవలయును. నా వాద్యమునకు నేనిచ్చిన వెల 42,000 రూపాయలు. దండి మేపుల్ కొయ్య. మెట్ల పలక రోజువుడ్డు. వీణకువలెనే మెట్లు 24. అమర్పు శుభ్రముగా నున్నది. బిరడలు ఇంతకాలమైనను జాఱలేదు. కాని పట్టణములోని దుకాణమునుండి వచ్చిన దినమున ఐదవ తంత్రి పాడలేదు, ‘దబ్బు’మన్నది. స్వరమేదో చెవికి తెలియని మొద్దు మ్రోత. నాలుగు తంత్రులు చక్కగా పలుకుచుండ, ఏ తంత్రికై అదనపు ద్రవ్యమిచ్చితినో అదియే మూగవోయెను.

దీనికి కారణము కలదు. నాలుగవ తంత్రికిని ఐదవ తంత్రికిని కంపనముల నిష్పత్తి నాలుగుకు మూడు. అంత క్రిందికి దిగుటకు మూడు మార్గములు. తంత్రిని పొడిగించుట మొదటిది. లెక్క ప్రకారము 45 అంగుళములు కావలయును, చేయి అందదు. బిగువు తగ్గించుట రెండవది. సగమునకు కొంచెము పైగా మాత్రమే బిగువు మిగులును, బట్టలారవేయు త్రాడువలె వ్రేలాడును. బరువు పెంచుట మూడవది. ఒకటిముప్పాతిక రెట్లకు పైగా బరువు కావలయును. పనివారు ముఖ్యముగా మూడవ మార్గమును పట్టి, రెండవదానిని కొంచెము కలుపుదురు. కొందఱు పొడవును 35 అంగుళములు చేయుదురు. కాని ఉక్కు లావైన కొలది తంత్రి గుణము పోయి కడ్డీ గుణము వచ్చును. అనుస్వరములు శ్రుతి తప్పును. అందుచేత సన్నని నడితీగపై వేఱు తీగను వరుసలుగా చుట్టి బరువు తెప్పింతురు. ఆ చుట్టుటలో నేర్పు లేనిచో తంత్రి మొద్దుబాఱును.

మరమ్మతు తెలిసిన మిత్రు డొకడు చూచి, తంత్రులను మార్పించెను. గుఱ్ఱముమీద ఐదవ తంత్రి ఆనుకొను చోటును వెనుకకు జరిపెను. దండి లోపలి ఇనుప కడ్డీ మరను పావు చుట్టు త్రిప్పి దండిని సరిచేసెను. తంత్రులకు సుమారు మూడువేలు అయినవి. పిమ్మట ఐదవ తంత్రి పలికినది. ఏడవ మెట్టు వఱకు స్పష్టముగా పలుకును. అంతకు పైన నేటికిని ముసుగు కప్పినట్లే యుండును. ఆ పై మెట్ల స్వరములు ప్రక్క తంత్రిపై హాయిగా దొరకును గనుక నాకు నష్టము లేదు. ఈ వెలలో ఇంతకంటె ఆశించుట న్యాయము కాదని నా యభిప్రాయము.

బరువు నాలుగు కిలోగ్రాములకు పైగా నున్నది. మూడు గంటల కచేరీ నిలిచి వాయించినచో ఎడమ భుజము పలుకరించును. నాలుగు అంగుళముల వెడల్పు గల తోలుపట్టీ వేసికొన్నచో కొంత ఉపశమనము. దండి శిరస్సు దగ్గఱ 45 మిల్లీమీటర్ల వెడల్పు; నాలుగు తంత్రులవాటికి 38 మొదలు 42 వఱకు ఉండును. చిన్న చేతులవారికి ఈ భేదము తెలియును. మా డెల్టా ప్రాంతపు గాలికి కొయ్య స్థిరముగా నుండదు. రోహిణికార్తెలో ఒక తీరు, శ్రావణమాసపు తేమలో మఱొక తీరు. ఏడాదికి రెండు మార్లు దండిని సరిచూచుకొనవలయును. చెమటకు తంత్రులు త్రుప్పుపట్టును. వాయించిన ప్రతిమాఱు పొడిగుడ్డతో తుడువవలయును. లోపల 9 వోల్టుల బ్యాటరీ కలదు. వైరు దూర్చియుంచినంతసేపు వాయింపకున్నను అది ఖర్చగుచుండును గనుక పని ముగియగనే వైరును ఊడదీయవలయును.

అయితే ఐదవ తంత్రి కోరు అసలు మూల్యము వేఱు. అది మౌనము. వీణలో తాళతంత్రులు మ్రోగుచుండుట అందము. ఇచ్చట అట్లు కాదు. మూడవ తంత్రిని మీటగా ఐదవది తనంతట తాను కదలి గుయ్యిమనును. ఆ గుయ్యి చిన్నదే యైనను పెద్ద స్పీకరులో అది పాటనంతను బురద చేయును. కావున కుడిచేతి బొటనవ్రేలు ఎల్లప్పుడు ఆ తంత్రిపై ఆని యుండవలయును; ఎడమచేతి వ్రేళ్ళు తక్కిన తంత్రులను తాకి మూయవలయును. ఒక తంత్రి పలుకుచుండగా నాలుగు తంత్రులకు నోరు కట్టవలయునన్న మాట. మీటుట నాకు ఆఱు నెలలలో పట్టువడినది. మూయుట నేర్చుటకు రెండేండ్లు పట్టినది. మీ మనుమడు ఇంటిలో సాధన చేయునప్పుడు ఒక స్వరము మీటి వెంటనే దానిని ఆపుచుండుట చూచితిరేని, అతడు ఆటలాడుచున్నాడని తలపకుడు. అతడు ఈ వాద్యములో కష్టతరమైన భాగమునే నేర్చుచున్నాడు.

స్పీకరు విషయము మఱువరాదు. 31 కంపనముల ధ్వనిని చిన్న స్పీకరు పలుకజాలదు. అది పైనున్న అనుస్వరములను మాత్రమే పలుకును. మన చెవి ఆ మిగిలినదానిని తానే ఊహించి పూరించుకొనును. మీ చేతిలోని చిన్న రేడియోలో సైతము ఇట్లే జరుగును. కావున ఐదవ తంత్రి గుణమును రేడియోలోగాని, చేతి ఫోనులోగాని విని నిర్ణయింపరాదు. పన్నెండు లేక పదునైదు అంగుళముల స్పీకరు దగ్గఱ నిలిచి వినవలయును. ఉన్న ద్రవ్యమంతయు వాద్యమునకే వెచ్చించి స్పీకరునకు మిగుల్చుకొననివాడు బావి త్రవ్వించి చేద కొననివానివంటివాడు.

పందిళ్ళు వేయించు పెద్దలు మీరే గనుక ఇంకొక మాట గట్టిగా చెప్పవలసియున్నది. ఈ వాద్యపు లోహభాగములు వైరుద్వారా ఆంప్లిఫయరుయొక్క ఎర్తుతో కలిసియుండును. పందిరిలో స్తంభమునుండి తాత్కాలికముగా లాగిన విద్యుత్తులో ఎర్తు సరిగా లేనిచో, తంత్రిపై చేయియుంచి మైకును పెదవితో తాకినవానికి ఘాతము తగులవచ్చును. ఇట్టి ఘాతములచే వాద్యకారులు ప్రాణములు కోల్పోయిన సందర్భములు లోకమున కలవు. మూడు కాళ్ళ ప్లగ్గు పెట్టించుడు. ఎర్తు ఉన్నదో లేదో ఎలక్ట్రీషియనుచేత పరీక్ష చేయించుడు. విద్యుత్తు దారితప్పినంతనే ఆగిపోవు రక్షణ స్విచ్చిని అమర్పించుడు. నేల తడిసియున్నచో వేదికపై పొడి చెక్కలు పఱపించుడు. గాయకునకు శాలువ కప్పుటకు ముందు చేయవలసిన మర్యాద ఇది.

కొనుటలో జాగ్రత్త మీకు నేను నేర్పనక్కఱలేదు. బఱ్ఱెను నీళ్ళలోనుంచి బేరమాడరాదని మీకు తెలియును. ఈ వాద్యమును బొమ్మ చూచి కొనరాదు. దుకాణమున కూర్చుండి ఐదవ తంత్రిని మొదటి మెట్టునుండి ఐదవ మెట్టు వఱకు ఒక్కొక్కటిగా మీటించుడు. ప్రతి స్వరమును కుఱ్ఱవాడు నోటితో అనగలిగెనేని ఆ తంత్రి పలుకుచున్నది. అనలేకపోయెనేని అది మ్రోగుచున్నది గాని పలుకుట లేదు. తరువాత తక్కిన తంత్రులపైన ప్రతి మెట్టును చూడుడు. ఎచ్చటనైన స్వరము హఠాత్తుగా ఆఱిపోయిన యెడల వేఱొక వాద్యము నడుగుడు. దండిని కంటికెదురుగా పట్టి వంపును చూడుడు. భుజమున తగిలించి అరగంట నిలువబెట్టుడు. ఇవి చేయనిచ్చుటకు వెనుదీయు దుకాణమును విడువుడు.

ఇక మొదటి ప్రశ్నకు సమాధానము. మీ కుఱ్ఱవాడు ఇప్పుడిప్పుడే సరళి మొదలుపెట్టినచో నాలుగు తంత్రులది చాలును; వ్రేలు కుదురుటకు అది సులభము. అతని బృందమున పాడువారు ఐదు, ఐదున్నర శ్రుతుల స్త్రీలైనచో వారి షడ్జమము నాలుగు తంత్రులలోనే దొరకును. ఐదవదానికై తొందర లేదు. రెండు శ్రుతిలోపల పాడు పురుషులకు తోడుగా అతడు నిత్యము నిలువవలసినచో ఐదవ తంత్రి అలంకారము కాదు, ఆధారము. అప్పుడు నడిమి వెల వాద్యమే చాలును. దానికి మంచి తంత్రులు వేయించి, దండి సరిచేయించి, తగిన స్పీకరు చేర్చినచో అధిక వెల వాద్యముతో మనకు పని లేదు.

నేనీ వాద్యమును విక్రయింపదలచుట లేదు. మఱొకదానిని కొనదలచుటయు లేదు. దాని ఐదవ తంత్రిని ఒక కచేరీ మొత్తముమీద ఇరువది ముప్పది మార్లకంటె ఎక్కువ మీటను. తక్కిన సమయమంతయు నా బొటనవ్రేలు దానిపై ఊరక ఆని యుండును. పునాది ఎవరి కంటను పడదు. పందిరి కూలక నిలిచినప్పుడు దాని పని జరుగుచున్నదని తెలియును.